రిమోట్ పోతే రిసీవర్ పోయినట్టేనా?

ముందే ఒక మాట చెప్పేస్తా. ఏ హోమ్ థియేటర్ కొనాలి, ఏ కంపెనీది మంచిది లాంటి సలహాల కోసం వచ్చినవాళ్ళు నిరాశపడతారు. నేనేమీ ఆడియో పండితుణ్ణి కాదు. నా గొడవల్లా ఆ రిసీవర్ ముఖం గురించి. అదే, ముందు పలక మీద ఉండే నాలుగు బటన్లు, రెండు నాబ్‌ల గురించి. "ఇదీ ఒక విషయమేనా?" అంటారా? పోయిన సంక్రాంతి వరకూ నేనూ అలాగే అనుకున్నా.

మూడేళ్ళ క్రితం విజయవాడలో మా ఇంట్లో ఒక 5.1 రిసీవర్ పెట్టించా. కొన్నది నేనే అయినా వాడేది నాన్నే. ఆయన బ్యాంకులో పని చేసి రిటైరయ్యారు. పొద్దున్నే కాఫీతో పాటు రేడియో, సాయంత్రం పెన్‌డ్రైవ్‌లో ఘంటసాల పాటలు, రాత్రి టీవీలో వార్తలు.. ఇదీ ఆయన దినచర్య. నేను ఫోన్ చేసినప్పుడల్లా వెనకాల ఏదో ఒక పాట వినబడుతుండేది. దీపావళి తరవాత ఎప్పుడో అది వినబడటం మానేసింది. నేను పట్టించుకోలేదు. (మనం ఫోన్‌లో మాట్లాడుతూ ఇంకో పక్క లాప్‌టాప్ చూసే రకం కదా.)

సంక్రాంతికి ఇంటికెళ్తే రిసీవర్ మీద అమ్మ కుట్టిన గుడ్డ కప్పి ఉంది. దుమ్ము పడకుండానేమో అనుకున్నా. "పాటలేవి నాన్నా?" అంటే, "ఈ మధ్య వినాలనిపించట్లేదురా" అన్నారు. అసలు సంగతి వంటింట్లో అమ్మ చెప్పింది. రిమోట్ పని చెయ్యట్లేదట. బ్యాటరీలు మార్చినా లాభం లేకపోతే, ఆయన వెళ్ళి డబ్బా మీద బటన్లు ఒక్కొక్కటీ నొక్కి చూశారట. అంతటితో ఉన్న శబ్దం కూడా పోయింది. "అంత డబ్బు పోసి వాడు కొంటే నేను పాడు చేశాను, వాడితో అనకు" అన్నారట. రెండు నెలలకి పైగా ఆ మనిషి పాట లేకుండా కూచున్నారు. ముప్పయ్యేళ్ళకి పైగా పైసా తేడా రాకుండా లెక్కలు రాసిన మనిషి, ఒక బటన్ నొక్కినందుకు తప్పు చేసినవాడిలా!

సరే, గుడ్డ తీసి రంగంలోకి దిగా. ముందు రిమోట్. దాని మొహాన్ని ఫోన్ కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కితే, మన కంటికి కనబడని పరారుణ కాంతి చాలా ఫోన్ల తెర మీద చిన్న మెరుపులా కనిపిస్తుంది. (రిమోట్ బాగుందో లేదో చూడటానికి ఇంతకన్నా తేలిక పద్ధతి లేదు, గుర్తు పెట్టుకోండి.) ఏ మెరుపూ లేదు. పాత బ్యాటరీలు కారి లోపలి స్ప్రింగులు తుప్పు పట్టిపోయాయి. గీకి శుభ్రం చేస్తుంటే ఒకటి విరిగి చేతికొచ్చింది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "ఆ మోడల్ రిమోట్ స్టాక్ లేదు సార్, మూడు వారాలు పడుతుంది" అన్నారు. 

పోనీలే, డబ్బా ఉందిగా అనుకున్నా. నల్ల పలక మీద బూడిద రంగులో, చీమ కాళ్ళంత అక్షరాలు. టార్చ్ వేసుకుని చదివా. ఎడమ పక్క ఇన్‌పుట్ నాబ్, కుడి పక్క వాల్యూమ్ నాబ్, మధ్యలో ఒకే సైజులో, ఒకే ఆకారంలో వరసగా బటన్లు. వాటిలో ఒకటి స్పీకర్స్. అది ఒకసారి నొక్కితే ఏ జత, మళ్ళీ నొక్కితే బి జత, మళ్ళీ నొక్కితే రెండూ, ఇంకోసారి నొక్కితే ఏదీ లేదు. మా ఇంట్లో బి జతే లేదు. నాన్న నొక్కి వదిలేసిన చోట శబ్దం ఎక్కడికీ పోవట్లేదన్నమాట. నేను ఇంకోసారి నొక్కా. అంతే, రేడియో మోగింది. రెండు నెలల మౌనానికి ఒక్క నొక్కుడు మందు!

నాన్న మొహం చూడాలి అప్పుడు. సంతోషం కన్నా ముందు, "ఇంతేనా?" అని చిన్నబోవడం కనబడింది. నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. "స్పీకర్లు ఆపేశారు" అని ఒక్క ముక్క తెర మీద రాయడానికి ఆ డబ్బాకేం రోగం? పదహారు అక్షరాలు పట్టే డిస్‌ప్లే ఉంది. పాట పేరు పరిగెత్తిస్తుంది. డాల్బీ అనో డీటీఎస్ అనో గర్వంగా చెప్పుకుంటుంది. కానీ స్పీకర్లు ఆపేశానన్న మాట మాత్రం, మూలన ఒక చిన్న గుర్తు మాయం చేసి ఊరుకుంటుంది. ఉన్నదాన్ని చూపించొచ్చు, లేనిదాన్ని ఎవరు చూస్తారండీ?

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. నాన్నకి ఈ మధ్య వినికిడి కొంచెం తగ్గింది. సినిమా చూస్తుంటే ఫైట్లు చెవులు పగలగొడతాయి, మాటలు మాత్రం అర్థం కావు. 5.1లో మాటలు ఎక్కువగా మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్ నుంచే వస్తాయి కాబట్టి, దాని ఒక్కదాని స్థాయీ రెండు మూడు డెసిబెల్స్ పెంచితే చాలా తేడా ఉంటుంది. ఆ సెట్టింగ్ మెనూలో ఉంది. మెనూలోకి వెళ్ళాలంటే బాణం బటన్లు కావాలి. బాణం బటన్లు రిమోట్ మీద మాత్రమే ఉన్నాయి. 

ఫోన్ యాప్ ఉందిగా అంటారా? ఉంది. యాప్‌కి రిసీవర్ వైఫైలో ఉండాలి. మా ఇంట్లో రూటర్ మార్చాక పాత పాస్‌వర్డ్ పోయింది. కొత్త పాస్‌వర్డ్ ఇవ్వాలంటే మెనూలోకి వెళ్ళాలి. మెనూకి రిమోట్ కావాలి. రిమోట్ లేదనే కదా యాప్ దగ్గరికి వచ్చింది! టీవీ రిమోట్‌తో వాల్యూమ్ మార్చే సదుపాయం కూడా ఉంది, హెచ్‌డీఎంఐ తీగలోనే ఒక తీగ ఆ కబుర్లు మోస్తుంది. కానీ మా దాంట్లో దాన్ని ఆపి ఉంచా. మళ్ళీ ఆన్ చెయ్యాలంటే? అవును, మెనూ. మా భాషలో దీన్ని డెడ్‌లాక్ అంటారు. మామూలు భాషలో, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు.

చివరికి ఎలా బయటపడ్డానో చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. రూటర్ నుంచి ఒక లాన్ తీగ తెచ్చి రిసీవర్ వెనకాల గుచ్చా. తీగకి పాస్‌వర్డ్ అక్కర్లేదు, చిరునామా రూటరే ఇచ్చేస్తుంది. ఈ కాలం నెట్‌వర్క్ రిసీవర్లు చాలా వాటిలో ఒక చిన్న వెబ్ పేజీ కూడా ఉంటుంది. రూటర్‌లో దాని ఐపీ చిరునామా చూసుకుని లాప్‌టాప్ బ్రౌజర్‌లో కొడితే సెట్టింగులన్నీ ప్రత్యక్షం. సెంటర్ స్పీకర్ 3 డెసిబెల్స్ పెంచా, వైఫై సరిచేశా. బాగానే ఉంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఇంజనీరింగ్ చదివిన కొడుకు, లాప్‌టాప్, లాన్ తీగ, రూటర్ పాస్‌వర్డ్.. ఇన్ని ఉంటే గానీ ఒక పెద్దాయనకి సినిమాలో మాటలు వినబడవు. ఇందులో ఏ ఒక్కటి లేని ఇంటి సంగతేంటి?

మీరు పాత ఫోటోల్లో 1970ల నాటి స్టీరియో రిసీవర్లని చూశారా? 1976లో వచ్చిన పయనీర్ ఎస్‌ఎక్స్-1250 ఫోటో వెతికి చూడండి. వెండి రంగు ముఖం, పెద్ద ట్యూనింగ్ నాబ్, బేస్, ట్రెబుల్, బాలెన్స్, స్పీకర్ల మీట.. ఆ డబ్బా చెయ్యగలిగిందంతా దాని ముఖాన రాసి ఉంటుంది. ఏ మీట ఎటు తిరిగి ఉందో చూస్తే దాని స్థితి మొత్తం తెలిసిపోతుంది. మా తాతయ్య వాళ్ళింట్లో వాల్వుల రేడియో కూడా అంతే. ముల్లు ఎక్కడుందో అదే స్టేషను, నాబ్ ఎక్కడుందో అదే శబ్దం. దానికి మాన్యువల్ ఎవరూ చదవలేదు.

రిమోట్ అప్పటికే ఉందనుకోండి. జెనిత్ వాళ్ళు 1950లోనే తీగతో ఒకటి తెచ్చారు. 1955లో యూజీన్ పోలీ టార్చ్ లైటులా వెలుతురుతో పని చేసేది చేశారు. 1956లో రాబర్ట్ ఆడ్లర్ స్పేస్ కమాండ్ అని మన చెవికి అందని ధ్వనితో పని చేసేది తెచ్చారు. దాని గొప్పేమిటంటే అందులో బ్యాటరీయే లేదు! బటన్ నొక్కితే చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొడుతుంది, ఆ మోత టీవీ గుర్తుపడుతుంది. బ్యాటరీ అయిపోతే జనం టీవీ పాడైందనుకుంటారని ఆ రోజుల్లోనే వాళ్ళకి భయం పట్టుకుంది. డెబ్భై ఏళ్ళ తరవాత మా నాన్న సరిగ్గా అదే అనుకున్నారు.

అప్పట్లో రిమోట్ అంటే కుర్చీలోంచి లేవకుండా ఉండటానికి ఒక సౌకర్యం. ఇంటికొచ్చిన చుట్టం లాంటిది. ఇప్పుడు ఆ చుట్టమే ఇంటి యజమాని అయ్యి, యజమానిని అరుగు మీద కూచోబెట్టాడు. అదీ నా అభ్యంతరం.

కంపెనీల తరఫున కూడా కాస్త మాట్లాడదాం. బటన్‌కి ఖర్చు ఉంది. ముఖం నున్నగా ఉంటేనే షోరూములో అమ్ముడవుతుంది. ఇప్పటి రిసీవర్‌లో ఉన్న సెట్టింగులన్నిటికీ తలో నాబ్ పెడితే డబ్బా బీరువా అంత అవుతుంది. ఒప్పుకుంటా. కానీ అన్నిటికీ తలో నాబ్ ఎవరడిగారు? 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ గుర్తుందా? ఒక చక్రం, ఐదు బటన్లు. వాటితోనే వెయ్యి పాటల్లో ఏదైనా వెతుక్కోవచ్చు. మన రిసీవర్ మీద ఇన్‌పుట్ నాబ్ ఉండనే ఉంది. తిప్పితే మెనూలో కిందకీ పైకీ, నొక్కితే ఎంపిక, ఒక బటన్ వెనక్కి. అయిపోయింది. కొత్త సామాను ఏమీ అక్కర్లేదు.

ఎందుకంటే ఆ నాబ్ ఇప్పుడు పాతకాలం నాబ్ కాదు. పాతది నిజంగానే శబ్దం దారిలో కూచుని అడ్డుపడేది, రెండు చివర్లా ఆగేది. ఇప్పుడు చాలా వాటిల్లో ఉన్నది ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది. లోపల రెండు స్విచ్‌లు పావు అడుగు తేడాతో ఆన్, ఆఫ్ అవుతుంటాయి. ఏది ముందు మారిందో చూసి ప్రోగ్రాము ఇటు తిప్పారా, అటు తిప్పారా అని తెలుసుకుంటుంది. (అందుకే లోపల దుమ్ము చేరితే ఆ లెక్క తప్పి, పెంచుతుంటే వాల్యూమ్ తగ్గడం లాంటి వింతలు జరుగుతాయి.) అంటే వాల్యూమ్ నాబ్ అనేది ఇప్పుడు ప్రోగ్రాముకి చేరే ఒక కబురు మాత్రమే. ఆ కబురుకి అర్థం చెప్పేది ప్రోగ్రాము రాసేవాళ్ళు. అంటే నాలాంటి వాళ్ళు. ఖర్చు కారణం కాదు, ఎవరూ అడగకపోవడం కారణం.

అంతా చెడ్డగా ఉందని అనను. చిన్న తలుపు తెరిస్తే లోపల బాణం బటన్లు, హెడ్‌ఫోన్ రంధ్రం అన్నీ దాచిపెట్టిన రిసీవర్లున్నాయి. ముఖమూ నున్నగా ఉంటుంది, పనీ జరుగుతుంది. అది పెద్దమనిషి తరహా. డెనాన్ వాళ్ళ క్విక్ సెలెక్ట్, యమహా వాళ్ళ సీన్ బటన్లు కూడా నాకు నచ్చుతాయి. ఏ ఇన్‌పుట్, ఏ సౌండ్ మోడ్ కావాలో పెట్టుకుని ఆ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే గుర్తు పెట్టుకుంటాయి. తరవాత ఒక్క నొక్కుడుతో అంతా యథాస్థానానికి. మీ దానికి అలాంటివి ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ళున్నప్పుడు వాటిని ముందు అమర్చి పెట్టండి.

నాన్నకి ఆ పండగ మూడు రోజులూ డబ్బా ముందు నిలబెట్టి పాఠం చెప్పా. ఆయన మొదటి ప్రశ్న నన్ను నవ్వించింది. డిస్‌ప్లే మీద వాల్యూమ్ మైనస్ 38 అని ఉంది. "ఇదేంట్రా, ఓవర్‌డ్రాఫ్ట్‌లో నడుస్తోందా?" అన్నారు. బ్యాంకు మనిషి కదా! సున్నా అంటే సినిమా మిక్స్ చేసేవాళ్ళు విన్న స్థాయి అనీ, ఇంట్లో దానికన్నా ఎంత తగ్గించి వింటున్నామో అదే మైనస్ అనీ చెప్పా. మైనస్ 40 నుంచి మైనస్ 30కి తిప్పితే మన చెవికి దాదాపు రెట్టింపు అనిపిస్తుంది కానీ, యాంప్లిఫయర్ స్పీకర్లకి పంపే శక్తి పది రెట్లవుతుంది. "అంటే చక్రవడ్డీ" అన్నారు వెంటనే. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివి నేను చెప్పలేని మాట అది. అర్థం కాకపోవడం ఆయన లోపం కాదు. అర్థమయ్యేలా చెప్పినవాడు లేడు, చెప్పాల్సిన పలక నోరు మూసుకుంది.

ఇది పాటలతో ఆగే విషయం కూడా కాదు. 2017 ఆగస్టులో అమెరికా నౌకాదళం ఓడ జాన్ ఎస్. మెకెయిన్ సింగపూర్ దగ్గర ఒక ట్యాంకర్‌ని గుద్దుకుని పదిమంది నావికులు చనిపోయారు. దర్యాప్తులో తేలిన కారణాల్లో, ఓడ నడిపే టచ్ స్క్రీన్ మీద ఏ అదుపు ఎవరి చేతిలో ఉందో సిబ్బందికి తెలియకపోవడం ఒకటి. 2019లో నౌకాదళం చేత్తో పట్టుకునే పాత తరహా మీటల్ని మళ్ళీ పెడతామంది. కార్లకి భద్రతా మార్కులిచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్ లాంటి వాటికి నిజమైన మీటలు, బటన్లు ఉంటేనే పూర్తి మార్కులంటోంది. మా రిసీవర్ వల్ల ఎవరి ప్రాణం పోదు, నిజమే. కానీ రోగం ఒకటే. యంత్రం ఏ స్థితిలో ఉందో ఎదురుగా ఉన్న మనిషికి తెలియకపోవడం, తెలిసినా మార్చే దారి చేతికి అందకపోవడం.

ఇప్పుడు నా సంగతి. ఇంతసేపూ కంపెనీలని తిట్టా గానీ, రెండేళ్ళ క్రితం మా ఆఫీసులో చేసిన ఒక యాప్‌లో "పాత సెట్టింగులకి వెళ్ళు" అనే బటన్ని తీసేసింది నేనే. తెర శుభ్రంగా ఉండాలని, దాన్ని ఒక బొమ్మ మీద రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే వచ్చేలా దాచా. డెమోలో అందరూ మెచ్చుకున్నారు. తరవాత వచ్చిన ఫిర్యాదులు చూసి "యూజర్లకి తెలివి లేదు" అని నవ్వుకున్నాం కూడా. ఆ యూజర్లలో ఎంతమంది తాము పాడు చేశామనుకుని గుడ్డ కప్పేశారో నాకు తెలియదు. పండగ నుంచి వచ్చిన వారంలో ఆ బటన్‌ని మళ్ళీ పైకి తెచ్చా. ఎవరూ మెచ్చుకోలేదు. ఫిర్యాదులు మాత్రం ఆగాయి.

నేనడిగేది పెద్దదేమీ కాదు. రిమోట్ లేకుండా ఐదు పనులు జరగాలి: ఆన్, ఆఫ్. శబ్దం హెచ్చుతగ్గులు. ఇన్‌పుట్ మార్చడం. మెనూలోకి వెళ్ళి రావడం. ఏం నొక్కినా, ఎంత గందరగోళం చేసినా మళ్ళీ మామూలు స్థితికి తెచ్చే ఒక్క బటన్. ఈ ఐదోది అన్నిటికన్నా ముఖ్యం. అది ఉంటే మనిషికి మిగతావి నొక్కి చూసే ధైర్యం వస్తుంది. ఫ్యాక్టరీ రీసెట్ ఉందిగా అనకండి. ఏవో రెండు బటన్లు కలిపి పట్టుకుని పవర్ నొక్కే ఆ విద్య ఇంటికి నిప్పు పెట్టి ఎలకల్ని తరమడం లాంటిది, పెట్టుకున్న సెట్టింగులన్నీ పోతాయి.

మీ ఇంట్లోనూ ఒక పరీక్ష చెయ్యండి. రిమోట్‌ని ఒక రోజు బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. ఈ ఐదు పనులూ డబ్బా దగ్గర నిలబడి చెయ్యగలరేమో చూడండి. మీరు కాదు, మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళు. కొత్తది కొనేటప్పుడు కూడా షోరూములో ఇదే పరీక్ష. అమ్మేవాడు రిమోట్ తీయబోతే "వద్దులే బాబూ, ముందు ఇది లేకుండా చూపించు" అనండి. వాడి మొహం చూస్తే మీకే తెలుస్తుంది.

అన్నట్టు, కొత్త రిమోట్ మూడు వారాలకి కాదు, ఐదు వారాలకి వచ్చింది. అప్పటికే అమ్మ ఒక పని చేసింది. తన స్టిక్కర్ బొట్ల అట్ట తెచ్చి, పవర్ మీద ఎర్రది, రేడియో మీద పచ్చది అతికించింది. స్పీకర్స్ బటన్ మీద మాత్రం పెద్ద నల్ల బొట్టు, దాని జోలికి వెళ్ళొద్దని. ఆ కంపెనీ ఇంజనీర్లు చెయ్యాల్సిన పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

నిన్న ఫోన్ చేస్తే వెనకాల పాట వినబడింది. "రిమోట్ బాగా పని చేస్తోందా?" అన్నా. "ఏమోరా, ఆ అట్టపెట్టె ఇంకా విప్పలేదు" అన్నారు నాన్న.